సెలవుల్లో చదివే పుస్తకానికి సంజాయిషీ ఎందుకు?

క్రితం వేసవిలో నలుగురు స్నేహితురాళ్ళం అరకు వెళ్ళాం. అందరం పాఠాలు చెప్పేవాళ్ళమే, ఎంతో కొంత రాసేవాళ్ళమే. విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలోంచి యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న స్నేహితురాలు అట్ట చూసి, ‘‘ఇదేంటే, నువ్వు కూడానా!’’ అని నవ్వింది. ఆ నవ్వులో ద్వేషమేమీ లేదు. అయినా నా నోట్లోంచి ఒక అబద్ధం ఊడిపడింది. ‘‘పాపులర్ నవల మీద పేపర్ రాస్తున్నాలే, అందుకని...’’ అన్నాను.

నేను ఏ పేపరూ రాయడం లేదు. ఆ నవల మళ్ళీ చదవాలనిపించింది. అంతే.

సొరంగం వచ్చి పెట్టెలో చీకటి కమ్మినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ నవలల్ని బియ్యం డబ్బాలో దాచుకునేది. మధ్యాహ్నం గిన్నెలు సర్ది, అందరూ నడుం వాల్చాక, వంటింట్లో గోడకి చేరగిలబడి చదివేది. నానమ్మ దగ్గు వినబడితే చాలు, పుస్తకం బియ్యంలోకి వెళ్ళిపోయేది. అద్దె పుస్తకాల షాపుకి వెళ్ళి మార్చుకొచ్చే పని నాది. ఆలస్యమైతే ఇంకో రోజు అద్దె పడుతుంది కాబట్టి ఆమె సంతోషానికి గడువు కూడా ఉండేది.

అమ్మ దాచింది అత్తగారి నుంచి, మొగుడి నుంచి. మరి నేను దాచింది ఎవరి నుంచి? ఇన్నేళ్ళుగా నాతోపాటు స్త్రీవాదం చదివి, రాసి, పోట్లాడిన నా మనుషుల నుంచి. అందుకే ఈ తగాదా మనలో మనకే.

ఈ తగాదాలో నేనేమీ నిర్దోషిని కాను. చాలా ఏళ్ళ కిందట ఒక సెమినార్‌లో ఈ నవలల మీదే పత్రం చదివాను. కారున్న నాయకుడు, ఆత్మాభిమానం గల పేదింటి అమ్మాయి, చివరికి పెళ్ళి. ఇవి స్త్రీలకి కలలమ్మి నిద్రపుచ్చే మత్తుమందు అని తేల్చేశాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అమ్మ ఆ పత్రం చదివి వినిపించమంది. విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘ఇంట్లో నన్నెవరూ పిలవని గంట అదొక్కటేనే’’ అంది. నా పత్రంలో నాయకుడి కారుంది, మేడ ఉంది. ఆ గంట మాత్రం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జానిస్ రాడ్వే 1984లో అచ్చువేసిన ‘రీడింగ్ ది రొమాన్స్’ చదివాను. ఆవిడ అమెరికాలో ఒక ఊళ్ళో రొమాన్స్ నవలలు చదివే ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించింది. కథలో ఏముందన్నదే కాక, పుస్తకం పట్టుకుని కూర్చోవడమే వాళ్ళకి ఒక పని అని గమనించింది. భర్తకీ పిల్లలకీ ‘ఈ కాసేపు నేను మీకు దొరకను’ అని చెప్పే పని. మా అమ్మ ఒక్క వాక్యంలో చెప్పింది అదే. అమెరికా ప్రొఫెసర్ చెబితే పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. అమ్మ చెబితే జవాబు కూడా చెప్పలేదు.

మనకి గౌరవనీయమైన కాలక్షేపం ఒకటుంది, అది మగవాళ్ళది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు క్లాసు పుస్తకాల్లో పెట్టుకుని చదివామని పెద్దపెద్ద విమర్శకులు సభల్లో మురిసిపోతూ చెబుతారు. సెలవుల్లో వుడ్‌హౌస్ చదివానంటే అది అభిరుచి. ‘సెక్రటరీ’ చదివానంటే మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి. రెండింట్లోనూ ఉన్నది కాలక్షేపమే. ఒకటి మగపిల్లల అల్లరి, రెండోది ఆడవాళ్ళ బలహీనత. ఈ తూకంరాళ్ళు మనం తయారుచేసినవి కావు. కానీ వాటితో తూస్తున్నది మాత్రం మనమే.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బూ కాదు. 1856లో జార్జ్ ఎలియట్ ఆడవాళ్ళు రాసే తెలివితక్కువ నవలల్ని ఎండగడుతూ పెద్ద వ్యాసం రాసింది. అందులో చాలా నిజాలే ఉన్నాయి. కానీ ఆ రోజుల్లోనే ఆవిడ తన మొదటి కథ మొదలుపెట్టి, మగపేరుతో అచ్చువేయించుకుంది. గంభీరమైన రచయిత్రిగా నిలబడాలంటే ముందు ‘నేను ఆ ఆడవాళ్ళలాంటిదాన్ని కాను’ అని రుజువు చేసుకోవాలి కాబోలు. ఎమ్.ఏ. క్లాసులో అడుగుపెట్టిన రోజు నుంచీ నేనూ ఆ రుజువే చూపిస్తూ వచ్చాను.

ఇక్కడ కొందరు మిత్రులు నాకు సాయం వస్తారు. ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేస్తుంది కదా, డబ్బున్నవాడికి ఎదురు సమాధానం చెబుతుంది కదా, అందులోనూ ప్రతిఘటన ఉంది కదా అంటారు. నిజమే, 1960ల్లో ఆ అమ్మాయిని చూసి ఊపిరి పీల్చుకున్న ఆడపిల్లలు ఎందరో ఉంటారు. కానీ ఆ సాయం నాకు వద్దు. అదీ అనుమతి పత్రమే. ప్రతిఘటన ఉంటేనే చదవచ్చు అంటే, నానమ్మ కుర్చీలో సిద్ధాంతం వచ్చి కూర్చుందన్నమాట. ఆ నవల నాయకుడి అహంకారం నాకిప్పుడూ నచ్చదు. పెళ్ళితో అన్నీ సర్దుకుపోవడమూ నచ్చదు. అయినా పేజీ తిప్పుతూనే ఉన్నాను. ఈ రెండూ ఒక మనిషిలో ఉండవచ్చు. క్రికెట్ చూసే మగ మేధావిని ఇందులో ప్రతిఘటన ఎక్కడుందని ఎవరైనా అడిగారా?

అసలు ప్రశ్న పుస్తకం గురించి కాదు, తీరిక గురించి. 2024లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. మగవాళ్ళలో అసలు ఆ పని ముట్టుకునేవాళ్ళే తక్కువ. ఇక ‘వేసవి సెలవులు’ అంటే మనకేమిటి? కాలేజీకి సెలవు, ఆవకాయకి కాదు. పేపర్లు దిద్దడం, వడియాలు పెట్టడం, వచ్చిన చుట్టాలకి వండడం. వీటన్నిటి మధ్య మిగిలిన నాలుగు రోజుల్లో కూడా ‘ఉపయోగపడే’ పుస్తకమే చదవాలని మనకి మనమే ఆజ్ఞ వేసుకుంటే, ఆ నాలుగు రోజులూ డ్యూటీయే.

మరి తేలికగా ఉన్నదల్లా మంచిదేనా? కాదు. పెళ్ళాం మీద జోకులతో పేజీలు నింపిన పుస్తకాలున్నాయి. నల్లటి అమ్మాయినీ, లావుపాటి అత్తనీ, పనిమనిషి యాసనీ చూపించి నవ్వించేవి ఉన్నాయి. వాటిలో నాకు విశ్రాంతి లేదు, ఎందుకంటే ఆ నవ్వుకి నాలాంటిదో, నాకన్నా కింద నిలబెట్టబడ్డదో మూల్యం చెల్లిస్తోంది. అదే భానుమతి ‘అత్తగారి కథలు’ చూడండి, సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’ చూడండి. కడుపుబ్బ నవ్విస్తాయి, కానీ నన్ను చిన్నబుచ్చవు. తేలికదనం రాయడం తేలిక కాదని చెప్పడానికి ఆ రెండూ చాలు. వాటి గురించి మన పత్రికల్లో ఎన్ని విమర్శ వ్యాసాలు వచ్చాయో మీరే లెక్కపెట్టండి. ఏడిపించిన రచయిత్రిని సెమినార్లకి ఎక్కిస్తాం, నవ్వించిన రచయిత్రిని ‘సరదాగా రాస్తుంది’ అని పక్కన కూర్చోబెడతాం.

ఇంకొకటి కూడా చెప్పకపోతే ఈ వాదన సగమే. నేను అరకులో పుస్తకం చదువుకున్న ఆ మూడు రోజులూ మా ఇంట్లో గిన్నెలు తోమింది ఇంకో స్త్రీ. ఆమెకి నెలకి రెండు సెలవులు. ఆ రెండూ సొంత ఇంట్లో బట్టలు ఉతకడానికే సరిపోతాయి. తీరిక నా హక్కు అని నేను అంటే, అది ఆమె హక్కు కూడా అని అనాలి. అనడంతో ఆగకుండా సెలవులు నాలుగు చేసి, జీతం కోయకూడదు. అలా చెయ్యకపోతే నా మాటలన్నీ కిటికీ పక్క సీటు కబుర్లే.

అద్దె పుస్తకాల షాపులు చాలా ఊళ్ళలో మూతపడ్డాయి. కానీ ఆ పాఠకురాలు ఎక్కడికీ పోలేదు. ఇవాళ నా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఫోన్‌లో సీరియల్ నవల చదువుతోంది. నేను దగ్గరికి రాగానే తెర ఆపేస్తుంది. ఆ చెయ్యి కదిలే తీరు నాకు తెలుసు. బియ్యం డబ్బా మూత అలాగే పడేది. పాఠం జరుగుతుంటే వినమనడం నా పని. ఆమె చదివేదాన్ని చూసి మూతి విరవడం మాత్రం నా పని కాదు.

ఈ పేజీలు చదివే మిత్రులకి ఒక్క విన్నపం. ఈసారి సెలవుల్లో ఏం చదివారని ఎవరైనా అడిగితే, నిజంగా చదివిందే చెప్పండి. నేను చదివింది ‘సెక్రటరీ’. ఏ పేపర్ కోసమూ కాదు.