పసుపు దంచే రోజే మాత్ర

జనవరి 12 ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేయించిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టినరోజు. ఏటా ఈ రోజులకు నాదెండ్ల చేలల్లో మిరప కోతల సందడి. తలగుడ్డ చుట్టుకుని, కొంగు ఒడి కట్టి, పండుకాయ తెంపుతూ సాలు వెంట వంగి నడిచే కూలీల్లో నిన్నమొన్న పెళ్ళయిన పిల్లలూ ఉంటారు. వారిలో ఒకరి కడుపున నలుసు పడి మూడు వారాలై ఉండొచ్చు. ఆ సంగతి ఆమెకే తెలియదు.

ఆ నలుసు అప్పటికి నువ్వుగింజంత. దాని వీపు మీది పలుచని పొర అంచులు రెండూ పైకి లేచి, ఒకదాన్నొకటి అందుకుని, గొట్టంలా మూసుకుంటాయి. ఆ గొట్టమే రేపటి మెదడు, వెన్నుపాము. దాని కిందున్న నోటోకార్డ్ అనే కడ్డీ నుంచి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్, పైచర్మం నుంచి బీఎంపీలనే ప్రోటీన్లు ఊరుతుంటాయి. సాగర్ కాలువ నీళ్ళు మొదటి చేనుకూ చివరి చేనుకూ ఒక్కలా అందవు కదా, అలాగే ఈ సంకేతాలూనూ. చేలల్లో ఆ తేడా నష్టం. ఇక్కడ మాత్రం ఆ తేడాతోనే పని: అందిన మోతాదును బట్టి ఒక కణం కండరాన్ని కదిలించే నాడీకణం అవుతుంది, ఇంకొకటి స్పర్శను మోసే దారిలో చేరుతుంది. ఇలాంటి సంకేతాలనిచ్చే జన్యువుల జాడ మొదట పండు ఈగ పిండాల్లో దొరికింది. దానికి 1995లో నోబెల్ వచ్చింది.

సంకేతం అందితే చాలదు, కణాలు వేగంగా చీలాలి. చీలాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ ఉండాలి. అన్నదమ్ములిద్దరినీ స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్న సుబ్బారావు, అదే వ్యాధికి మందైన ఈ విటమిన్‌ను 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారు చేయించారు. కడుపులోని బిడ్డకు అది ఎంత అవసరమో చూడకుండానే 1948లో పోయారు. ఒకసారి నాడీగొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ ఇస్తే, అదే లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది.

చిక్కంతా ఆ 'ముందు' దగ్గరే. గర్భం పడిన 28వ రోజుకల్లా గొట్టం మూసుకుంటుంది. నెల తప్పి, అనుమానం తీరి, అత్తగారికి చెప్పి, ఏఎన్ఎమ్ దగ్గర పేరు రాయించుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఆ తర్వాత వేసుకునే మాత్ర తల్లి రక్తానికి మంచిదే, మానొద్దు. కానీ తెరుచుకుని ఉండిపోయిన వెన్నును అది మూయలేదు. ఇదే విటమిన్ ఫోలేట్ రూపంలో ఉండే గోంగూర, పాలకూర, పెసలు తినాల్సిందే. ఆకు ఉడికిన నీళ్ళు పారబోస్తే ఫోలేట్ కొంత వాటితోనే పోతుంది. అయినా తిండి ఒక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు. గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఊళ్ళో ఏ ఇంట్లో పెళ్ళికి పసుపు దంచుతున్నారో ఆశా కార్యకర్తకు తెలియకుండా ఉండదు. ఫోలిక్ ఆసిడ్ మాత్రల అట్ట ఆ రోజే ఆ ఇంటికి చేరాలి. అత్తారింటికి వెళ్ళే పిల్ల పెట్టెలో చీరల మధ్య అదీ ఉండాలి.