సంచిలో రివాల్వర్ వాడను కాపాడుతుందా?

2025 మే 28న అస్సాం మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ధుబ్రి, బార్‌పేట, మోరిగావ్, నగావ్ లాంటి జిల్లాల్లో, మారుమూల ప్రాంతాల్లో నివసించే ‘మూలవాసులకు’ ఆయుధ లైసెన్సులు ఉదారంగా ఇస్తామని ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ప్రకటించారు. ఇవి ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న జిల్లాలు. అక్కడ ఎవరి చేతికి తుపాకీ ఇస్తున్నారో, దాన్ని చూసి ఎవరు భయపడాలని కోరుకుంటున్నారో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఒక చర్చ. అది బయటపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. తుపాకీ లైసెన్సు వ్యక్తిగత విషయమని, ఒక్కో దరఖాస్తును విడిగా పరిశీలిస్తామని ఇన్నాళ్లూ అధికారులు చెబుతూ వచ్చారు. తలుచుకుంటే ఒక ప్రాంతానికి, ఒక సమూహానికి లైసెన్సులిచ్చే విధానం ప్రభుత్వం చేయగలదని అస్సాం చూపించింది. మరి దళితుల విషయంలో అలాంటి నియమం ముప్పై ఏళ్లుగా పుస్తకంలోనే ఉంది. మనలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ప్రతి హత్య తర్వాత, ప్రతి ఊరేగింపుపై దాడి తర్వాత మన సభల్లో, హాస్టల్ గదుల్లో ఒక మాట వినబడుతుంది: ‘మాకూ లైసెన్సులివ్వండి, మమ్మల్ని మేమే కాపాడుకుంటాం.’ ఈ కోపం న్యాయమైనదే. 2022 ఒక్క ఏడాదిలోనే ఎస్సీలపై నేరాల కింద దేశంలో 57,582 కేసులు నమోదయ్యాయని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అయితే ఈ డిమాండ్‌ను నినాదంగా వదిలేయకుండా లెక్క కట్టి చూడాలి. జేబులో పట్టే ఒక చిన్న రివాల్వర్ మనకు ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది?

చట్టంలో ఉన్నది రెండు వైపుల మాట

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని అమలు నియమాలు 1995లో వచ్చాయి. ఆ నియమాల్లో మూడోది ముందు జాగ్రత్త చర్యల గురించి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. కలెక్టర్‌ను, ఎస్పీని అక్కడికి పంపి పరిస్థితిని సమీక్షించాలి. ఆ తర్వాత వరసగా మూడు అంశాలు వస్తాయి.

ఒకటి: అవసరమనుకుంటే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కాని వారి ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి. వారి దగ్గరి బంధువుల, పనివాళ్ల, కుటుంబ మిత్రుల లైసెన్సులకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. రెండు: అక్రమ ఆయుధాలను స్వాధీనం చేసుకుని, వాటి తయారీని ఆపాలి. మూడు: ప్రాణ, ఆస్తి రక్షణ కోసం అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

ఈ వరస గమనించండి. ముందు దాడి చేయగలవాడి చేతిలోంచి తుపాకీ తీసేయమంది. ఆ తర్వాతే బాధితుడి చేతికి ఇవ్వడం గురించి మాట్లాడింది. మన నినాదాలు మాత్రం చివరి అంశాన్ని పట్టుకుని మొదటి రెండింటిని వదిలేశాయి. అసలు బలం మొదటి రెండింటిలోనే ఉంది.

ఆ రివాల్వర్ సంగతి

ఒక నిర్దిష్టమైన ఆయుధాన్నే తీసుకుందాం. ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో, కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ అనే రివాల్వర్ విడుదల చేసింది. పాయింట్ 32 బోర్, ఆరు తూటాలు, అర కిలో బరువు. మహిళల హ్యాండ్‌బ్యాగులో పట్టేలా చేశామని ప్రచారం చేశారు. అమెరికాలో జనం రోజూ నడుముకు పెట్టుకు తిరిగే 9 ఎం.ఎం. పిస్టళ్లు మన దేశంలో సామాన్య పౌరుడికి నిషేధిత బోర్ కిందికి వస్తాయి. కాబట్టి చట్టబద్ధంగా మనకు దొరికే చిన్న తుపాకులు దాదాపుగా ఈ కోవలోవే.

విడుదలైనప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు. 2025–26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. 2014 నాటి ధర ఇప్పటికీ మారలేదనుకున్నా, సుమారు 400 రోజుల కూలి. ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికినా, తిండి తినకుండా నాలుగేళ్లు కూడబెట్టాలి. తూటాలు, శిక్షణ, లైసెన్సు రెన్యువల్, తాళం వేసి భద్రపరిచే పెట్టె ఇవన్నీ ఆ పైన. ఒకే గదిలో పిల్లలతో సహా అందరూ పడుకునే ఇంట్లో ఆ పెట్టె ఎక్కడ పెట్టాలి? తుపాకీ ఉన్న ఇంట్లో ఆత్మహత్య చావులు పెరుగుతాయని అమెరికా అధ్యయనాలు పదేపదే చూపించాయి. ఇది కూడా లెక్కలో వేసుకోవాల్సిన ఖర్చే.

పేదవాడన్న కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 1959 ఆయుధాల చట్టంలోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణం చెల్లదు. కానీ లైసెన్సు ఇచ్చేముందు పోలీసు నివేదిక కావాలి. ఎవరి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే ఎఫ్‌ఐఆర్ రాయడానికే తిప్పుకుంటారో, అదే స్టేషన్ నుంచి ‘ఇతనికి ప్రాణభయం ఉంది’ అని నివేదిక రావాలి. ఉద్యమకారుడి మీద పాత ధర్నా కేసు ఒకటి పెండింగులో ఉంటే చాలు, ఆ దరఖాస్తుకు అడ్డం చెప్పడానికి దారి దొరికినట్టే. ఊళ్లో భూస్వామి లైసెన్సు తండ్రి నుంచి కొడుక్కి సాఫీగా వచ్చిన తీరు, మనవాడి దరఖాస్తు నడిచే తీరు ఒకటి కావు. 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులు ఉంటే అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. గ్రామాల్లో తుపాకీ చాలాకాలంగా భూమి, కులం, హోదా పక్కనే నడిచింది.

దాడి వచ్చే రూపం

చిన్న తుపాకీ ఒక రకమైన ప్రమాదానికి పనికొస్తుంది: ఎదురుగా ఒకడో ఇద్దరో ఉండాలి, వాళ్లు వస్తున్నట్టు ముందే కనబడాలి, చెయ్యి తుపాకీ దాకా వెళ్లేంత వ్యవధి దొరకాలి. కుల దాడి ఇలా వస్తుందా?

1985 జులై 17న కారంచేడులో గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో వందల మంది మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో, దాడి జరగబోతోందని పోలీసులే చెప్పడంతో మాలపల్లి మగవాళ్లు పొలాల వైపు పరుగెత్తారు. పొలాల్లో కాపు కాసినవాళ్లు వాళ్లను వెంటాడి చంపారు. ఎనిమిది మంది. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాల్వలో పడేశారు. బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 1997 డిసెంబర్ 1 రాత్రి రణవీర్ సేన తుపాకులతో వచ్చి 58 మందిని కాల్చి చంపింది. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎందరో. గుంపుగా, ముందే కూడబలుక్కుని, తప్పించుకునే దారులు మూసేసి వచ్చేవాళ్ల ముందు ఆరు తూటాల రివాల్వర్ ఏం చేస్తుంది?

ఇక ఒంటరిగా ఉన్న మనిషిని గురిచూసి చంపే హత్యలు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకుని బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు వెనక నుంచి వచ్చి నరికేశాడు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో రివాల్వర్‌ను హోల్‌స్టర్‌లోనో సంచిలోనో బయటికి ఏమాత్రం కనబడకుండా పెట్టుకోవాలి. వెనక నుంచి పడే కత్తికి ఆ సంచి అడ్డం రాదు. ఆ కేసులో కుటుంబానికి దక్కినది విచారణ ద్వారానే: 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది.

అలాగని అందరి పరిస్థితీ ఒకటి కాదు. సాక్షి, భూకబ్జా మీద కోర్టుకెక్కిన రైతు, సమాచార హక్కు కార్యకర్త, మాట వినని దళిత సర్పంచ్ లాంటివాళ్లకు బెదిరింపు ఎవరి నుంచో తెలుసు. ఇంటి గుమ్మం దాకా ఎవరు వస్తారో తెలుసు. అలాంటి వ్యక్తి శిక్షణ పొంది, ఆలోచించి, లైసెన్సు అడిగితే దాన్ని మనం సమర్థించాలి. అది అతని హక్కు. దాన్ని వాడ మొత్తానికి రక్షణ పథకంగా చూపించడమే ప్రమాదం.

కాల్చిన తర్వాత

తుపాకీ గురించి మాట్లాడేవాళ్లు కాల్చే క్షణం దాకానే చెబుతారు. ఆ తర్వాత స్టేషన్, రిమాండ్, కోర్టు ఉంటాయి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. కానీ ఆత్మరక్షణ కోసమే కాల్చానని చూపించాల్సిన బాధ్యత నిందితుడిదే. దెబ్బలు తిన్న దళితుడి మీదే కౌంటర్ కేసు పెట్టడం మనకు కొత్త కాదు. చేతిలో తుపాకీ ఉన్న దళితుడి మీద ఆ కౌంటర్ కేసు హత్యాయత్నం కేసుగా మారుతుంది.

అమెరికా నల్లజాతి ప్రజల అనుభవం ఇక్కడ మనకు దగ్గరగా ఉంటుంది. 1956 జనవరి 30న మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ వెంట పెట్టుకునే అనుమతికి దరఖాస్తు చేశారు. నిర్ణయం స్థానిక అధికారుల ఇష్టానికి వదిలేసిన చట్టం అది. వాళ్లు నిరాకరించారు. అరవై ఏళ్ల తర్వాత, 2016 జులై 6న, మినెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతీయుడి కారును పోలీసు ఆపాడు. కాస్టిల్‌కు అనుమతి ఉంది. తన దగ్గర తుపాకీ ఉందని ఆయనే ముందుగా మర్యాదగా చెప్పాడు. క్షణాల్లో పోలీసు కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అంది. ఒకరికి లైసెన్సు దొరకలేదు, ఇంకొకరికి దొరికిన లైసెన్సు కాపాడలేదు. చూసేవాడి కళ్లలో జాతి ఉంటే, కాగితం మీద హక్కు ఒక్కటే చాలదు.

అంబేడ్కర్ చెప్పినది, చేసినది

చాతుర్వర్ణ్యం కింది కులాలను ఆయుధానికి దూరం చేయడం వల్లే వాళ్లు తిరగబడలేకపోయారని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించారు. నిరాయుధీకరణ కులవ్యవస్థలో ఒక భాగమని ఆయనకు తెలుసు. అందుకే మహర్లను సైన్యంలోకి తిరిగి తీసుకోవాలని పట్టుబట్టారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. 1927 మార్చిలో మహద్ చెరువు సత్యాగ్రహం తర్వాత దాడి జరిగినప్పుడు మాత్రం ఎదురుదాడికి దిగవద్దని తన మనుషులను ఆపారు. ఆరోజు వాళ్లలో మాజీ సైనికులు కూడా ఉన్నారు. ఆయుధం మీద హక్కును వదులుకోకపోవడం ఒకటి, దాన్ని ఎప్పుడు ఎవరు పట్టాలో తేల్చుకోవడం ఇంకొకటి. ఆయన రెండూ చేశారు.

ప్రభుత్వం తనంతట తానే పేదల చేతికి తుపాకీ ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఛత్తీస్‌గఢ్ చూసింది. సల్వా జుడుం కాలంలో ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయలకు ప్రత్యేక పోలీసులుగా చేర్చుకుని ఆయుధాలిచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. పౌరులను కాపాడే బాధ్యతను పౌరుల మీదకే నెట్టడం ఆ విధానంలోని అసలు తప్పు. రేపు దళితవాడలకు ‘మీకు లైసెన్సులు ఇచ్చాం కదా’ అని చెప్పి పోలీసు పికెట్ ఎత్తేసే ప్రభుత్వం కూడా అదే తప్పు చేస్తుంది.

ఏం అడగాలి

ముందుగా అడగాల్సింది మూడో నియమంలోని మొదటి రెండు చర్యలు. మన జిల్లాలో దాడులకు అవకాశమున్న ప్రాంతాలుగా ఏ గ్రామాలను గుర్తించారు? ఆ గ్రామాల్లో ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయి? అత్యాచార కేసుల్లో నిందితులైనవారి, వారి బంధువుల లైసెన్సుల్లో ఎన్ని రద్దు చేశారు? ఎన్ని అక్రమ ఆయుధాలు పట్టుకున్నారు? ఎస్సీ, ఎస్టీల నుంచి ఎన్ని లైసెన్సు దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్నింటిని ఏ కారణంతో తిరస్కరించారు? ఈ ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద కలెక్టర్ కార్యాలయానికి పంపవచ్చు. కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్‌కు పంపాలి.

జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలని నియమాలే చెబుతున్నాయి. ఆ కమిటీలో మనవాళ్లు సభ్యులుగా ఉన్నచోట లైసెన్సుల సమీక్షను ఎజెండాలో పెట్టించాలి. గుర్తించిన ప్రాంతం నుంచి దాడికి దిగే అవకాశమున్న వ్యక్తిని బహిష్కరించే అధికారం పదో సెక్షన్ కింద ప్రత్యేక కోర్టుకు ఉంది. సాక్షులకు, బాధితులకు రక్షణ 15ఎ సెక్షన్ కింద హక్కు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద నాలుగో సెక్షన్ ఉంది. ఒక్కో రివాల్వర్ ఒక్కో మనిషి దగ్గరే ఉంటుంది. వీటిని కదిలిస్తే వాడ మొత్తం మీద ప్రభావం పడుతుంది.

చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. బాథే కేసులో దోషులుగా తేలిన 26 మందినీ 2013 అక్టోబర్‌లో పాట్నా హైకోర్టు వదిలేసింది. తుపాకీ మీద మనవాళ్లకు పెరిగే ఆశ ఈ తీర్పుల నుంచే పుడుతోంది. ఆ ఆశను తప్పుపట్టడం తేలిక. దాన్ని తీర్చగలిగేది మాత్రం ఎదుటివాడి గొడ్డలిని, బరిసెను, లైసెన్సు తుపాకీని దాడికి ముందే అతని చేతుల్లోంచి తీసేసే ప్రభుత్వ చర్యే. అది 1995 నుంచీ రాసే ఉంది. దాన్ని జిల్లా జిల్లాకూ లెక్క అడగడం మన పని.