షీల్డు కన్నా ముందు

షీల్డు ఇంటికి వచ్చిన రోజు అమ్మ హడావుడి చూడాలి. కొడుకు బూట్లు విప్పేలోపే అది బీరువా మీదికి ఎక్కేస్తుంది. పక్కింటావిడ వస్తే కాఫీ కన్నా ముందు షీల్డే చేతికొస్తుంది. "మావోడికేనక్కా, స్టేజీ మీదికి పిలిచి ఇచ్చినారు" అని చెబుతున్నప్పుడు ఆ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. నాన్న పైకి ఏమీ అనడు. పేపర్లో పడిన ఫొటోను మాత్రం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ రోజు బజార్లో పనేమీ లేకపోయినా రెండుసార్లు వెళ్లొస్తాడు.

కర్నూలైనా కడపైనా, పిల్లలు చేసిన సేవకు ప్రశంసాపత్రం దక్కిన ఇంట్లో కనిపించే సంబరం ఇదే. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మార్కులకూ ర్యాంకులకూ తప్ప పిల్లల్ని మెచ్చుకోవడం మరిచిపోయిన రోజుల్లో ఓళిగలు చేసి పంచినా తక్కువే.

అయితే ఇదే ఇంట్లో ఆరు నెలల కిందట వినిపించే మాటలు వేరు. "ఈ ఎండలో యాడికి పోతావురా?" "రికార్డులు రాసుకోక ఊళ్లో పనులన్నీ నీకెందుకు?" "రేపు పరీక్ష నువ్వు రాయాల్నా, వాళ్లొచ్చి రాస్తారా?"

ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. వానను నమ్ముకోలేని సీమలో పిల్లల చదువే నమ్మకమైన పంట. ఆ పంటకు చీడ పడుతుందేమోనన్న దిగులు ఏ తల్లికైనా ఉంటుంది.

కానీ ఒకసారి 2009 అక్టోబరు 2ను గుర్తు చేసుకోండి. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తిన రోజది. నీళ్లు తీశాక ఇంటింటా మిగిలింది బురద. తడిసిన బియ్యం, నానిన పుస్తకాలు, తలుపు తీయడానికి కూడా రాని ఇళ్లు. ఆ బురద ఎత్తిపోయడానికి వచ్చిన కుర్రాణ్ని నీ ర్యాంకెంత అని ఎవరూ అడగలేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోని పులపుత్తూరు, మందపల్లి మీద చెయ్యేరు విరుచుకుపడినప్పుడూ అంతే. ఆ పూట కావాల్సింది మనిషి, రెండు చేతులు.

వరద పేపర్లో పడుతుంది. కరువు అంతగా పడదు. ఆదోని, ఆలూరు వైపు ఊళ్ల జనం సుగ్గికి బయల్దేరితే బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లల్ని సాయంత్రం కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పే పదహారేళ్ల అమ్మాయికి ఫొటో ఉండదు, షీల్డూ రాదు. సేవే అయినా చూసేవాళ్లు తక్కువ.

ఇక చదువు సంగతి. జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్., 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. 'నేను కాదు, నువ్వు' అన్నది దాని నినాదం. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. లెక్క వేస్తే వారానికి రెండున్నర గంటలు కూడా రాదు. ఒక సినిమా చూసేంత సేపు!

అప్పటికీ అనుమానం తీరకపోతే కాకినాడ కథ ఉంది. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదని చెప్పి, పద్నాలుగేళ్ల అమ్మాయిని వాలంటీరుగా గుమ్మం దగ్గర నిలబెట్టారు. వచ్చినాయన జవహర్‌లాల్ నెహ్రూ. చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కోప్పడ్డారు. మీరు చెప్పిందే చేశానంది. చివరికి వాళ్లు టికెట్ కొనుక్కొచ్చాకే దారి వదిలింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, పని పట్ల ఆమె నిబద్ధతను మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయే దుర్గాబాయి. అంతకు ముందే ఇంగ్లిషు మాధ్యమం వద్దని బడి మానేసిన పిల్ల. ఆమె చదువు పాడైపోయిందా? తర్వాత మెట్రిక్ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఎం.ఏ. చేసింది. 1942లో లా పట్టా పుచ్చుకుంది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. పద్మవిభూషణ్ 1975లో వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడిన రోజుకీ ఆ బిరుదుకీ మధ్య యాభై ఏళ్ల పైమాటే.

అందుకే షీల్డు వచ్చిన ఇంట్లో ఒక మాట మరిచిపోకుండా అడగాలి. ఎవరిచ్చారు, స్టేజీ మీద ఎవరెవరున్నారు అన్నవి అయ్యాక, "ఇంతకీ అక్కడ నువ్వేం చేశావురా?" అని అడగాలి. చెప్పడం మొదలుపెడితే తెల్లారేదాకా చెబుతాడు. షీల్డు మీద రాయని సంగతులన్నీ అప్పుడే బయటపడతాయి.

వచ్చే ఆదివారం మళ్లీ మొక్కలకు గుంతలు తవ్వాలని ఆ పిల్లవాడు పొద్దున్నే లేస్తాడు. ఈసారి "యాడికి?" అని అడగకుండా సీసాలో నీళ్లు నింపి, రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టిచ్చిన అమ్మకు ఏ కలెక్టరూ ప్రశంసాపత్రం ఇవ్వడు. సాయంత్రం మట్టికాళ్లతో తిరిగొచ్చిన కొడుకు "రొట్టెలు మా వాళ్లందరూ పంచుకున్నారమ్మా" అంటే, ఆమెకు అదే షీల్డు.