పాత బ్రేకులు - ప్రాణాలతో బేరాలు

చెన్నైలోని పుదుపేట, ఢిల్లీలోని మాయాపురి, ముంబయిలోని కుర్లా పాత మోటారు విడిభాగాలకు పేరుమోసిన బజార్లు. ఇలాంటి వ్యాపారంలో వేగానికి ప్రసిద్ధిగాంచిన ఖరీదైన కార్ల బ్రేకు డిస్కులు, కాలిపర్లు సైతం చేతులు మారుతున్నాయి. కొత్తవాటి ధర అందుబాటులో లేక, వేగంపై మోజు చావక కొందరు వీటిని సాధారణ కార్లకు బిగించుకొంటున్నారు. తలుపో, అద్దమో పాతదైతే వచ్చే నష్టం కొద్దిపాటిదే. బ్రేకు విషయం అలా కాదు.

డిస్కు ఎంత వరకు అరగవచ్చో తయారీదారులే నిర్ణయిస్తారు. ఆ కనీస మందం సాధారణంగా డిస్కు మీదనే ముద్రించి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిస్తే క్షణాల్లో తేలిపోయే సంగతి ఇది. అతివేగంగా నడిచిన కారు డిస్కు తీవ్రమైన వేడికి సన్నని పగుళ్లు తీస్తుంది. కాలిపర్‌లోని రబ్బరు సీళ్లు పెళుసెక్కుతాయి, పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. పైన రంగు పూస్తే ఈ లోపాలేవీ కొనేవారి కంటికి ఆనవు. భాగాలు మంచివే అయినా, మాస్టర్ సిలిండరుతో పొత్తు కుదరని పెద్ద కాలిపర్ బిగిస్తే ముందు, వెనుక చక్రాల బ్రేకుల మధ్య సమతూకం చెడుతుంది.

ఈ వ్యాపారంలో దొంగసొత్తు బెడద మరొకటి. చోరీ వాహనాలను విడగొట్టే స్థావరంగా అపకీర్తి పొందిన మీరట్‌లోని సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. ఒకచోట తలుపులు మూస్తే సరుకు మరోచోటికి చేరదన్న భరోసా ఏదీ? నమోదిత తుక్కు కేంద్రాల కోసం 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు వెలువరించింది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శాసనాలకు కొరత లేదు, కొరవడింది అమలే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. ఈ మరణాలన్నింటినీ బ్రేకులకు అంటగట్టడం సబబు కాదు. అయితే తెలిసి తెలిసి మరో ముప్పును కొనితెచ్చుకోవడం అంతకన్నా అవివేకం.

అలాగని పాత సరుకు వ్యాపారాన్ని సాంతం నిషేధించడం పరిష్కారం కానేరదు. దానిపై ఎందరో మెకానిక్కులు, చిన్న వ్యాపారులు బతుకుతున్నారు. పనికొచ్చే లోహాన్ని తిరిగి వాడుకోవడం దేశానికీ మేలే. ప్రతి డిస్కు ఏ వాహనం నుంచి వచ్చిందో, ప్రస్తుతం దాని మందమెంతో రసీదులో రాయడం తప్పనిసరి చేయాలి. వాడిన ప్యాడ్ల అమ్మకాన్ని పూర్తిగా అరికట్టాలి. సీళ్లు మార్చి పరీక్షించిన కాలిపర్లనే అమ్మనివ్వాలి. కొనుగోలుదారులు కూడా రసీదు లేని సరుకును ముట్టరాదు. బ్రేకు విఫలమైనప్పుడు మూల్యం చెల్లించేది కారు యజమాని ఒక్కడే కాదు, ఏ పాపమూ ఎరుగని బాటసారి కూడా.