రంగుతో పాటు కథనూ మార్చాలి

సంపాదకుల వారికి,

హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాల్లో నటుల ఎంపిక గురించి మీ గత సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కామిక్స్‌లో తెల్లవాళ్ళుగా గీసిన పాత్రలను నల్లజాతి నటులకు ఇవ్వడం మూలానికి ద్రోహమని, అదంతా రాజకీయ ఒత్తిడేనని వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. అలాగని నటుడి రంగు మారితే చాలు, న్యాయం జరిగిపోయిందని చప్పట్లు కొట్టేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. మూలాన్ని కొలబద్దగా పెట్టుకోవడం తప్పు. మార్చదలచుకున్నవాళ్ళు రంగు దగ్గరే ఆగిపోవడం ఇంకో తప్పు.

ముందు ఆ మూలం ఎలా తయారైందో చూద్దాం. 1953లో ఈసీ కామిక్స్ వాళ్ళు 'వియర్డ్ ఫాంటసీ' అనే పత్రికలో 'జడ్జిమెంట్ డే' అనే చిన్న బొమ్మల కథ వేశారు. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టీన్, గీసింది జో ఒర్లాండో. టార్ల్టన్ అనే వ్యోమగామి భూమి నుంచి రోబోలుండే ఒక గ్రహానికి తనిఖీకి వెళతాడు. అక్కడ నారింజ రంగు రోబోలు, నీలం రంగు రోబోలు ఉంటాయి. లోపలి యంత్రమంతా ఒకటే, పై తొడుగు రంగే తేడా. అయినా నీలం వాటికి వేరే పేట, నాసిరకం పనులు. అన్నీ చూసి, ఈ గ్రహానికి తమ గణరాజ్యంలో చేరే అర్హత ఇంకా రాలేదని చెప్పి అతను ఓడెక్కుతాడు. కథ పొడుగునా అతని ముఖం మనకు కనపడదు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి మనిషి. ముఖం మీద చెమట బిందువులు మెరుస్తుంటాయి.

ఈ కథను తమ మరో పత్రిక 1956 జనవరి-ఫిబ్రవరి సంచికలో మళ్ళీ వేయబోతే కామిక్స్ కోడ్ కార్యాలయం అడ్డుపడింది. 1954లో ప్రచురణకర్తలే కలిసి పెట్టుకున్న వ్యవస్థ అది. దాని ముద్ర లేని పుస్తకాన్ని చాలామంది పంపిణీదారులు తీసుకునేవారు కాదు. వ్యోమగామి నల్లవాడు కావడానికి వీల్లేదని దాని అధిపతి, మాజీ న్యాయమూర్తి చార్లెస్ మర్ఫీ పట్టుబట్టాడు. అది కుదరకపోతే కనీసం ఆ చెమట బిందువులన్నా తీసేయమన్నాడని ఫెల్డ్‌స్టీన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ప్రచురణకర్త బిల్ గెయిన్స్ లొంగలేదు. రచ్చకెక్కిస్తానని బెదిరించి, ఒక్క గీత మార్చకుండా అచ్చు వేయించాడు. ఈసీ నుంచి వచ్చిన చివరి కామిక్స్ పుస్తకం అదే. ఆ తర్వాత ఆయన 'మ్యాడ్' పత్రికతో సరిపెట్టుకున్నాడు.

ఎక్కడో లేని గ్రహం, ఎప్పుడో రాబోయే కాలం, ఒకే ఒక్క బొమ్మలో కనపడే నల్ల ముఖం. దానికే అంత గొడవ జరిగింది. మనం ఈరోజు 'క్లాసిక్' అంటున్న హీరోల్లో చాలామంది సరిగ్గా ఆ రోజుల్లో పుట్టినవాళ్ళే. ఫ్లాష్‌గా బ్యారీ అలెన్ 1956లో, గ్రీన్ లాంటర్న్‌గా హాల్ జోర్డాన్ 1959లో, ఫంటాస్టిక్ ఫోర్ 1961లో, స్పైడర్‌మ్యాన్ 1962లో వచ్చారు. పేరున్న కంపెనీ నుంచి బ్లాక్ పాంథర్ లాంటి నల్లజాతి సూపర్‌హీరో రావడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ హీరోలంతా తెల్లవాళ్ళు కావడం వెనుక కళాకారుడి ఇష్టం ఎంతో, గుమ్మం దగ్గర నిలబడ్డ మర్ఫీ లాంటివాళ్ళ పాత్ర ఎంతో విడదీసి చెప్పలేం. అలాంటప్పుడు ఆ గుమ్మం దాటి వచ్చిన బొమ్మను పవిత్రమైన మూలమని ఎలా పూజిస్తాం?

పైగా ఆ పూజ కూడా ఒకవైపే సాగుతోంది. మార్వెల్ కామిక్స్ పాత్ర నిక్ ఫ్యూరీ 1963లో తెల్లవాడిగా పుట్టాడు. 2002లో 'అల్టిమేట్స్' కామిక్స్‌లో అతన్ని నల్లజాతి నటుడు శామ్యూల్ జాక్సన్ పోలికలతో గీశారు, 2008లో 'ఐరన్ మ్యాన్' చివర్లో జాక్సనే వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు పాత ఫ్యూరీ కావాలని అడిగేవాళ్ళు నాకైతే ఎక్కడా కనపడలేదు. 2016లో 'డాక్టర్ స్ట్రేంజ్' తీసినప్పుడు కామిక్స్‌లో టిబెట్ వృద్ధుడైన గురువు పాత్రను తెల్లజాతి నటి టిల్డా స్వింటన్‌కు ఇచ్చారు. ఆసియా వాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆ ఎంపిక తమకు కనువిప్పు అయిందని మార్వెల్ అధిపతి కెవిన్ ఫైగీ 2021లో అన్నారు. అంతకుముందే, 2011లో 'థోర్' సినిమాలో హైమ్‌డాల్ పాత్రకు నల్లజాతి నటుడు ఇడ్రిస్ ఎల్బాను తీసుకున్నందుకు బహిష్కరణ పిలుపులు వచ్చాయి. ఆ పిలుపులిచ్చినవాళ్ళు టిబెట్ గురువు కోసం గొంతెత్తిన దాఖలా నేనెరగను.

"అయితే బ్లాక్ పాంథర్‌ను తెల్లవాడు వేస్తే ఒప్పుకుంటారా?" అని వ్యాసకర్త సవాలు విసిరారు. ఒప్పుకోను. బ్లాక్ పాంథర్ ఏలే వకాండా, ఏ వలస పాలకుడూ కాలు మోపని ఆఫ్రికా రాజ్యం. ఆ ఒక్క ఊహ మీదే కథంతా నిలబడింది. అక్కడ తోలు రంగు తీసేస్తే కథే ఉండదు. బిల్డింగుల మీంచి దూకే స్పైడర్‌మ్యాన్‌కు అలాంటి ముడి ఏదీ లేదు. డబ్బుకు ఇబ్బంది పడే న్యూయార్క్ క్వీన్స్ పేట కుర్రాడు ఏ రంగులోనైనా ఉంటాడు. ఏ పాత్రకు ఆ పాత్ర విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు నా రెండో పేచీకి వస్తాను. 2015లో 'ఫంటాస్టిక్ ఫోర్' తీసినప్పుడు జానీ స్టార్మ్‌గా నల్లజాతి నటుడు మైకేల్ బి. జోర్డాన్‌ను తీసుకున్నారు. అతని అక్క సూ స్టార్మ్‌గా తెల్లజాతి నటి కేట్ మారా. ఆ అమ్మాయిని పెంచుకున్నారని మాటవరసకు చెప్పి వదిలేశారు. నల్లజాతి శాస్త్రవేత్త అయిన తండ్రి ఇంట్లో తెల్లపిల్ల, నల్లపిల్లాడు కలిసి పెరగడమంటే ఎన్ని సన్నివేశాలు రాయొచ్చు! ఒక్కటీ రాయలేదు. సినిమా పోయింది, ఏ పాపమూ ఎరగని ఆ నటుడు కూడా తిట్లు తిన్నాడు. 2014లో మొదలైన 'ది ఫ్లాష్' సీరియల్‌లో ఐరిస్ వెస్ట్‌గా వేసిన క్యాండిస్ ప్యాటన్, 2018 నాటి 'టైటన్స్'లో స్టార్‌ఫైర్‌గా వేసిన అన్నా డియోప్ అనే నల్లజాతి నటీమణులు కూడా ఇలాగే తిట్లు తిన్నారు. స్టార్‌ఫైర్ కామిక్స్‌లో నారింజ రంగు గ్రహాంతరవాసి అని గుర్తుచేసినా ఆ తిట్లు ఆగలేదు.

అదే కొత్త స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్‌ను చూడండి. 2011లో బ్రయన్ మైకేల్ బెండిస్, సారా పికెల్లీ ఈ కుర్రాడిని సృష్టించారు. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి పోర్టోరికో మూలాలున్న మనిషి. పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్‌కు రంగు పూసి వదిలేయకుండా, బ్రూక్లిన్‌లో వేరే ఇల్లు, వేరే బడి, వేరే భయాలు రాశారు. 2018 నాటి 'ఇన్‌టు ది స్పైడర్‌వర్స్' యానిమేషన్ సినిమాలో మైల్స్ గోడల మీద స్ప్రే డబ్బాతో బొమ్మలు వేసే పిల్లాడు. పీటర్ దుస్తులు చేతికొచ్చాక వాటిని ఉన్నవి ఉన్నట్టు తొడుక్కోడు. అదే స్ప్రే డబ్బా తీసుకుని నలుపు కొట్టి, ఎర్రగీతలు తన చేత్తో వేసుకుంటాడు. ఆ తర్వాతే దూకుతాడు. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది.

ఇంతకన్నా లోతుగా వెళ్ళిన కథ ఇంకొకటి ఉంది. రాబర్ట్ మొరాలెస్ రాసి కైల్ బేకర్ గీసిన 'ట్రూత్' అనే కామిక్స్ 2003లో వచ్చింది. కెప్టెన్ అమెరికాను తయారుచేసిన మందును అమెరికా సైన్యం నల్లజాతి సైనికుల మీద ప్రయోగించి ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న అది. దాని వెనుక నిజంగా జరిగిన ఘోరం ఉంది. అలబామాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. కామిక్స్‌లో ఆ ప్రయోగం నుంచి బతికి బయటపడ్డ ఐజయా బ్రాడ్లీ, కెప్టెన్ అమెరికా కోసం కుట్టిన దుస్తులు వేసుకుని శత్రువు మీదికి వెళతాడు. తిరిగొచ్చాక దేశం అతనికిచ్చిన బహుమానం జైలు.

2021లో వచ్చిన 'ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్' సీరియల్ ఈ ఐజయాను తెర మీదికి తెచ్చింది. కెప్టెన్ అమెరికా డాలు పట్టుకోవాలా వద్దా అని సతమతమయ్యే నల్లజాతి హీరో శామ్ విల్సన్ బాల్టిమోర్‌లో ముసలి ఐజయా ఇంటికి వెళతాడు. బయటికి వచ్చి వీధిలో స్నేహితుడితో వాదించుకుంటుంటే పోలీసులు ఆగి, శామ్‌ను గుర్తింపు కార్డు అడుగుతారు, పక్కనున్న తెల్లాయన్ను "ఇతను మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాడా" అన్న ధోరణిలో పలకరిస్తారు. అంతకుముందు బ్యాంకులో, శామ్‌ను గుర్తుపట్టి మురిసిపోయిన ఉద్యోగి అప్పు మాత్రం ఇవ్వడు. నల్లవాడు కెప్టెన్ అమెరికా అయితే ఏం మారుతుందో ఈ రెండు సన్నివేశాలు చూపించాయి. శామ్ పాత్రే కేంద్రంగా 2025లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' సినిమాలో ఐజయా ఉన్నా, ఇంత ధైర్యం కనపడలేదు. ఆ ముసలాయన మళ్ళీ జైలుకెళతాడు. అది ఎంత పెద్ద గాయమో చెప్పకుండానే సినిమా పోరాటాల్లోకి పరుగెత్తింది. నాకు బాధ కలిగింది.

ఇదంతా అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. 2023లో 'అక్రాస్ ది స్పైడర్‌వర్స్' తెలుగులోనూ విడుదలైంది. భారతీయ స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ ముంబాటన్ అనే ఊహా నగరం మేడల మధ్య ఊగుతూ వచ్చినప్పుడు, 'చాయ్ టీ' అన్న మైల్స్‌ను నిలదీసినప్పుడు మేం చూసిన హాలంతా ఈలలే. 2004లో మన దేశం కోసం వేసిన కామిక్స్‌లో పుట్టిన పాత్ర అతను. ఆ రోజు మూలం పాడైందని ఎవరూ అనలేదు. న్యూజెర్సీలో మనవాళ్ళ పిల్లలు చదివే బళ్ళలో సూపర్‌హీరో కమలా ఖాన్ కథ తెలియని పిల్లలుంటారని నేననుకోను. జెర్సీ సిటీలోని పాకిస్తానీ కుటుంబం, దేశ విభజన నాటి రైలు, అమ్మమ్మ జ్ఞాపకాలు ఆమె మీద వచ్చిన 2022 సీరియల్‌లో ఉన్నాయి. మన పోలికలున్న ముఖం తెర మీదికి వస్తే సంబరపడి, నల్లజాతి నటుడు రాగానే మూలం గుర్తొస్తే ఎలా?

'ట్రూత్' తెలుగులో వచ్చిందో లేదో నాకు తెలియదు. దాని మీద మీ పత్రికలో ఒక మంచి పరిచయ వ్యాసం వేయమని నా విన్నపం. కైల్ బేకర్ బొమ్మలు ఒకటి రెండు పక్కన వేయగలిగితే మరీ మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గుంటూరు