అంగారకుని దారిలో డీజిలు ఎంత?



మా సంఘములోని ఒక రైతు కుటుంబముతో హైదరాబాదు వెళ్ళాము. వారి అబ్బాయికి హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగము. మాదాపూరులో అద్దాల మేడల మధ్య నడుస్తూ ఆ అబ్బాయి, "అయ్యగారూ, ఇక్కడ అనంత్ టెక్నాలజీస్ అని ఉందండి. ఇస్రో రాకెట్లకు, ఉపగ్రహాలకు ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తారు" అని చెప్పాడు. వెంటనే వాళ్ళ నాన్నగారు, "అయితే ఆ మంగళ్‌యాన్ అంగారకుని దాకా పోయింది గదా, అంత దూరానికి డీజిలు ఎట్లా సరిపోయిందిరా?" అని అడిగారు.

మేమూ దారి పొడవునా ఇంజిను మండుతుందనే అనుకునేవారము. సంగతి అది కాదు.

2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు దానిని పైకి తీసికొనిపోయింది. నౌక బరువు 1,337 కిలోలు. అందులో సుమారు 850 కిలోలు ఇంధనమే. తిన్నగా అంగారకునివైపు విసిరే బలము ఆ రాకెట్టుకు లేదు. అందుచేత నౌక భూమి చుట్టూ కోడిగుడ్డు ఆకారపు దారిలో తిరుగుతూ, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిను కొంచెముసేపు మండించుకొన్నది. ఉయ్యాలను సమయము చూచి తోసినట్లు! నవంబరు 11న ఒక తోపు చాలలేదు. మరునాడు మళ్ళీ తోశారు. డిసెంబరు 1 అర్ధరాత్రి దాటాక ఇంజిను సుమారు 22 నిమిషాలు మండింది. నౌక భూమిని విడిచింది.

ఆ తరువాత దాదాపు 300 రోజులు పెద్ద ఇంజిను నిద్రే. దారి సరిచేయుటకు చిన్న ఇంజిన్లు ఒకటి రెండు సార్లు పనిచేశాయి, అంతే. మన భూమి సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగముతో పోతున్నది. ఆ వేగము నౌకకు ఊరకనే వచ్చింది. దానికి కొంత కలిపితే దారి వెడల్పై అంగారకుని కక్ష్యను తాకుతుంది. హోమన్ అనే జర్మను ఇంజినీరు 1925లోనే ఈ లెక్క వ్రాశాడు.

అయితే గురి అంగారకుడు ఉన్నచోటికి కాదు, పది నెలల తరువాత ఉండబోయే చోటికి. ఈ అదను 26 నెలలకొకసారే వస్తుంది. అదను తప్పితే విత్తనము ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. లెక్క వేసినది మనుష్యులే గాని, లెక్కకు తప్పని ఆ గమనమును నియమించినవాడెవరో 19వ కీర్తన ఎరిగినవారికి తెలుసు.

అసలు భయము చివరనే. అంగారకుని దగ్గర వేగము తగ్గించకపోతే నౌక దాటిపోతుంది. పది నెలలు పడుకున్న ఇంజిను లేస్తుందా? 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు మండించి చూశారు, లేచింది! 24వ తేదీ ఉదయము అసలు పని. మాట అక్కడికి చేరుటకే పన్నెండు నిమిషాలకు పైగా పడుతుంది గనుక ఆజ్ఞలన్నీ ముందే ఎక్కించారు. పైగా నౌక అంగారకుని చాటుకు పోయింది; కబురు ఆగిపోయింది. ఇంజిను సుమారు 23 నిమిషాలు మండింది. ఎనిమిది గంటల వేళ బెంగళూరుకు మంచి కబురు వచ్చింది. ఆరు నెలలకని చేసిన ఆ నౌక 2022 వరకు పలికింది.

రైతుగారు వ్రేళ్ళు మడిచి లెక్క చూచారు. "భూమిని వదిలే ముందు 22, అక్కడ 23. పది నెలల దారికి గంట కూడా నడవలేదు! మన ట్రాక్టరు పొలము గట్టు దాకా పోను అంతసేపు పడుతుంది గదండీ!"