ఇల్లు అమ్మబోయే ముందు

గత నెలలో ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. కుమార్తె వివాహం నిమిత్తం ఊరిలోని ఇల్లు అమ్మదలచుకున్నారట. రెండు గదుల పాత డాబా, ముందు పెంకుల వసారా, అయిదు సెంట్ల స్థలం. "చూడవచ్చినవారు గోడల వంక చూసి మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు. లక్ష రూపాయలు అప్పు తెచ్చి టైల్సు పరిపించి, రంగులు వేయిస్తే మూడు లక్షలు ఎక్కువ పలుకుతుందని మా అబ్బాయి అంటున్నాడు. తేవచ్చునా?" అని అడిగారు. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో లక్ష రూపాయల అప్పంటే చిన్న మాట కాదు. ఇదే ప్రశ్న మరికొందరు చదువరులకు కూడా ఉండవచ్చు గనుక ఈ నెల శీర్షికంతా దీనికే ఉంచాము.

అమ్మా, ముందు మా మాట చెప్పేస్తాము. ఆ అప్పు తేవద్దు. ఎందుకన్నది మా ఇంటి సంగతే చెబితే తెలుస్తుంది.

గుడివాడ దగ్గర ఒక పల్లెలో మా నాన్నగారు కట్టిన ఇల్లు 2011లో అమ్మవలసి వచ్చింది. తమ్ముడికి ఆపరేషను చేయించాలి. డాక్టర్లు ఆలస్యం చేయవద్దన్నారు. ఇల్లు కళగా కనబడితే త్వరగా బేరం కుదురుతుందని అనుకున్నాము. ముందు గదికి టైల్సు వేయించాము, లోపలంతా ప్లాస్టిక్ పెయింటు కొట్టించాము. ముప్పై ఎనిమిది వేలు అయ్యింది. ఆ ఇంటి పడమటి గోడకు మోకాలెత్తు వరకు ఎప్పుడూ చెమ్మ ఉండేది. తెల్లగా ఉప్పు తేలి, పెచ్చులు రాలుతుండేవి. "లప్పం రెండు చేతులు పెడతానండి. ఆర్నెల్ల దాకా ఏమీ కనబడదు" అన్నాడు మేస్త్రీ. మేము వద్దనలేదు. ఈ మాట వ్రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆర్నెల్లు కాదు, రెండు నెలలే ఆగింది. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. బేరానికి వచ్చిన రైతు ఆ గోడ దగ్గర గొంతుకూర్చుని, పొంగిన రంగును బొటనవేలితో నొక్కాడు. పొక్కు చిట్లి తడి పొడి రాలింది. "మాష్టారూ, ఇది కొత్త రంగు గదండీ! ఇంకా ఎక్కడెక్కడ వేయించారు?" అన్నాడు. అంతే. మళ్లీ రాలేదు. డెల్టాలో గోడకు చెమ్మ లేని ఇల్లు ఎక్కడుంది? చెమ్మను చూసి ఆయన వెళ్లిపోలేదు. ఆ రంగు వెనుక మరేమి కప్పిపెట్టామో తెలియక వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక పెద్ద మేస్త్రీని పిలిపించి చూపించాము. ఆయన గోడ వంక చూడనే లేదు, తిన్నగా వీధిలోకి నడిచాడు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి మెరక అవుతూ వచ్చింది, మా ఇల్లు పల్లమైపోయింది. దానికి తోడు పడమటి పక్క ఏళ్ల తరబడి పోసిన మట్టి, పేడదిబ్బ గోడకు ఆనుకొని ఉన్నాయి. వాన నీరు, వీధి నీరు అక్కడే నిలబడి పునాదిలోకి దిగుతున్నాయి. ఇటుక దీపపు వత్తి లాంటిది. కింది తడిని పైకి పీల్చుకుంటుంది. ఆ తడి గోడ పైన ఆరిపోయినప్పుడు దానిలోని ఉప్పు మిగిలిపోయి, పూతను లోపలి నుండి తోసివేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ పెయింటో నూనె రంగో వేస్తే తడి బయటకు రాలేక పొక్కుతుంది. గట్టి సిమెంటు పూత పూస్తే, మోకాలెత్తున ఆగిన చెమ్మ నడుమెత్తుకు ఎక్కుతుంది. సున్నం వేసిన గోడ అయితే తడిని ఆరనిస్తుంది. మన పెద్దలు ఏటేటా వెల్ల వేయించింది తెలుపు కోసమే కాదన్నమాట.

గనుక చెమ్మకు మందు గోడ మీద లేదు, గోడ బయట ఉంది. ఇద్దరు కూలీలను పెట్టి ఒక్క రోజులో దిబ్బ తీయించి, గోడ పక్కన నేలను పునాది మట్టానికి బాగా దిగువకు తీయించాము. నీరు పెరటి వైపు పారేటట్లు చిన్న కాలువ కొట్టించాము. ఊడుతున్న రంగు, లప్పం గీకించి, ఆరినంత ఆరనిచ్చి వెల్ల వేయించాము. మొత్తం నాలుగు వేలు కాలేదు. తర్వాత వచ్చినవారికి ఆ గోడను మేమే ముందుగా చూపించాము. "ఇక్కడ చెమ్మ ఉంది. కారణం ఇది, చేయించింది ఇది. పూర్తిగా పోయిందని చెప్పలేము" అన్నాము. ఆయన ఇరవై వేలు తగ్గించమన్నారు, తగ్గించాము. ఆ నెలలోనే రిజిస్ట్రేషను అయ్యింది. టైల్సు గురించి ఆయన ఒక్క మాటైనా అడగలేదు. మధ్యలో పోయిన మూడు నెలలూ తమ్ముడు మాత్రలతో నెట్టుకొచ్చాడు. ఆపరేషను బాగానే జరిగింది గాని, ఆ మూడు నెలలు మా చేతులారా పోగొట్టుకున్నవే.

టైల్సు సంగతి కూడా ఆలోచించండి. పల్లెలో పాత ఇల్లు కొనేవారు ముందుగా సెంట్ల లెక్క చూస్తారు. ధరలో ఎక్కువ భాగం నేలదే. కొందరు కొన్న ఏడాదిలోనే ఇల్లు పడగొట్టి కొత్తది వేసుకుంటారు. అట్టివారికి మీ టైల్సు కూలగొట్టించే ఖర్చే గాని విలువ కాదు. ఉండటానికి కొనేవారికైనా తమకు నచ్చిన రంగు, తమకు నచ్చిన రాయి ఉంటాయి. కొత్త గది వేయడం, ముందర ఆర్చీ కట్టించడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూలు పెట్టించడం కూడా అంతే. మీరు ఇంకా పదేళ్లు ఉండబోయే ఇంటికైతే మీ ఇష్టం.

మరి దేనికి ఖర్చు పెట్టాలి? మొదట డాబా. ఇల్లు కురుస్తోందా లేదా అన్నది కొనేవారు మొదటగా చూసేది. పైకెక్కి తూముల్లోని ఆకులు, మట్టి తీయించండి. డాబాకూ పిట్టగోడకూ కలిసే మూలల్లో పగుళ్లుంటే సిమెంటుతో వాలుగా మూయించండి. చాలా ఇళ్లలో ఉరుపు ఆ మూలల నుండే మొదలవుతుంది. పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైపైన తుంచితే చాలదు, వేరుతో తీయించాలి. అయితే లోపల కప్పు పెచ్చులూడి చువ్వలు కనబడుతుంటే అది వేరే సంగతి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును నెట్టివేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే మళ్లీ ఊడిపడేదే. నిద్రపోతున్న పిల్లల మీద ఊడిపడవచ్చు కూడా. అది ఉన్నది ఉన్నట్లు చూపించి, ధరలో సర్దుకోవడమే మంచిది.

వసారాకు పగిలిన పెంకులు మార్పించండి. వాసాల చివరలు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలు తిన్నట్లే.

గోడ పగుళ్ల విషయం. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగి బీటలు తీస్తుంది. దానితో పాటు పునాది, గోడలు కూడా కదులుతాయి. కిటికీ మూల నుండి ఏటవాలుగా దిగే పగులు సాధారణంగా అటువంటిదే. వెంట్రుక వాసి పగుళ్లకు భయపడనక్కర లేదు. వేలు దూరేటంత ఉంటే ఇంజనీరుకు చూపించాలి. మధ్యరకం వాటికి ఒక పాత ఉపాయం ఉంది. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కను రెండు చివరలా సిమెంటుతో అంటించి, పక్కనే తేదీ వేయండి. కొన్ని నెలలకు గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. పగలకుండా ఉంటే, కొనవచ్చినవారికి చూపించడానికి అంతకంటె మంచి సాక్ష్యం ఉండదు.

మిగిలినవి చిన్న పనులు. గెడ పడని తలుపు, విరిగిన స్విచ్చి, కారే కుళాయి, గొళ్లెం లేని మరుగుదొడ్డి తలుపు, ఇవి బాగుచేయించండి. ఇల్లు చూడడానికి ఆడవారు వస్తే వంటిల్లు, మరుగుదొడ్డి, నీళ్ల వసతే చూస్తారు. చివరి మాట వారిదే, మగవారు ఒప్పుకోకపోయినా! పెరట్లో విరిగిన కుర్చీలు, పాత టైర్లు తీసివేయడానికి పైసా ఖర్చు లేదు.

ఇంత చెప్పినా, వీటన్నిటికంటె ముందు చేయవలసిన మరమ్మతు ఒకటి ఉంది. అది కాగితాలది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయి? దస్తావేజులో వ్రాసిన నాలుగు హద్దులు ఇప్పుడున్న హద్దులతో సరిపోతున్నాయా? పక్కవారి దడి రెండడుగులు లోపలికి జరిగి ఉంటే రంగుల కంటె ముందు అది తేల్చుకోవాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఈసీ తీసి ఉంచండి. స్థలం ప్రభుత్వం ఇచ్చిన పట్టా అయితే, దాని అమ్మకానికి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆంక్షలు ఉంటాయి. తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకొనక ముందు మేస్త్రీని పిలవవద్దు.

ఇల్లు తండ్రి పేరున ఉండి, ఆయన వీలునామా వ్రాయకుండా గతించి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా చెందుతాయి. కొడుకులని, కూతుళ్లని తేడా లేదు. "ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేశాము గదా" అన్న మాట రిజిస్ట్రేషను దగ్గర నిలవదు. మా ఇంటి అమ్మకంలో కూడా ఈ సంగతి చివర్లో గాని మాకు తట్టలేదు. మా అక్కయ్య రాజమండ్రి నుండి వచ్చి సంతకం పెట్టింది. "నన్ను ముందే అడిగి ఉంటే బాగుండేదిరా" అన్నది. ఆ మాట నిజమే.

చెమ్మను, పగులును కొనేవారికి చెప్పాలా అని మీ అబ్బాయి అడగవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 55వ సెక్షను ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఆస్తిలో గాని హక్కులో గాని ఉంటే అమ్మేవారు దానిని తెలియజేయాలి. లప్పం పెట్టి కప్పిన గోడ సరిగ్గా అటువంటి లోపమే. అదీగాక కొనేది ఎవరో పరాయివారు కాకపోవచ్చు. పల్లెల్లో తరచు మన ఎరుగున్నవారే కొంటారు. వచ్చే వర్షాకాలంలో ఆ గోడ వారి ముందు పొంగుతుంది, ఆదివారం మీరూ వారూ ఒకే చాప మీద కూర్చోవాలి.

సహోదరీ, వెల్ల వేయించడానికి సంక్రాంతి దాటి గోడలు ఆరిన తర్వాత నుండి వేసవి వరకు మంచి సమయం. పెళ్లి ముహూర్తం అంతకు ముందే అయితే వెల్ల కోసం ఆగవద్దు. దిబ్బ తీయించి, నీటికి దారి చేయించి, ఉన్న గోడనే చూపించండి. మీ ఉత్తరంలో వెనుక గదిలో పగులు ఉందని వ్రాశారు గాని అది ఎక్కడ నుండి ఎటు పోతున్నదో వ్రాయలేదు. కిటికీ మూలన ఉన్నదా, కప్పు కింద అడ్డంగా ఉన్నదా, అందులో రూపాయి బిళ్ల దూరుతుందా చూసి మళ్లీ ఒక కార్డు వ్రాయండి. ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉన్నదో కూడా వ్రాయండి.